నడుస్తుండగా తీసిన నకలు

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్కన, మేడమీద, నవజ్యోతి కార్డ్స్ అని ఒక శుభలేఖల షాపు ఉండేది. ఆ షాపుకి ఒక ఆచారం ఉంది. కార్డులో పెళ్ళికొడుకు పేరు ఎక్కించాక, పెళ్ళికూతురు పేరు కూడా ఎక్కి మొదటి ప్రూఫు చేతికి వచ్చేదాకా కంప్యూటరు ఆపకూడదు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. షాపు పెట్టిన కొత్తలో పామర్రు వాళ్ళ కార్డొకటి సగంలో ఉండగా కరెంటు పోయింది. వారం తిరక్కుండా ఆ సంబంధం తప్పిపోయింది. కరెంటుకీ సంబంధానికీ లంకె ఏమిటని ఎవరైనా అడిగితే భాగస్తులిద్దరూ నవ్వేసేవారు. నవ్వుతూనే బ్యాటరీ పెట్టె కొనుక్కొచ్చి బిగించారు.

భాగస్తుల్లో పెద్దవాడు నాగూర్, చిన్నవాడు వెంకటప్పయ్య. నాగూర్ అంచులు గీసేవాడు, అక్షరాలు పేర్చేవాడు. వెంకటప్పయ్య ప్రూఫు పట్టుకుని పైకి చదివేవాడు. పెళ్ళివారు రాసిచ్చిన కాగితం మీద వేలు పెట్టి నాగూర్ వినేవాడు. చుక్క ఉంటే చుక్క అనీ, కామా ఉంటే కామా అనీ వెంకటప్పయ్య విడవకుండా చదువుతుంటే, మెట్లెక్కి వచ్చేవాళ్ళు ఎవరో పూజ చేయిస్తున్నారనుకునేవారు. వాళ్ళ షాపు నుంచి తప్పుతో పోయిన శుభలేఖ లేదని బజారంతా చెప్పుకునేది.

నాగూర్ కూతురు ఆస్రా చిన్నప్పుడు బడి వదలగానే ఆ షాపుకే వచ్చేది. వెంకటప్పయ్యని బాబాయ్ అని పిలుస్తూ పెరిగింది. పెద్దయ్యాక బందరు రోడ్డులో ఒక కంపెనీలో సర్వర్లు చూసే ఉద్యోగంలో చేరింది. షాపులో పాత కంప్యూటరు ఒక వానాకాలం చచ్చి ఊరుకున్నప్పుడు దాన్ని బతికించింది ఆ పిల్లే. పాత తెలుగు అక్షరాలు కొత్త కంప్యూటర్లలో తెరిస్తే పిచ్చిగీతలుగా కనపడేవి. అన్నేళ్ళ కార్డులూ, నాగూర్ గీసిన అంచులూ ఆ అక్షరాలతోటే ఉన్నాయి. ఆస్రా పాతదాని లోపల ఉన్నదంతా బయటికి తీసి, కొత్త కంప్యూటరు లోపల, లేని కంప్యూటరు ఒకటి ఉన్నట్టుగా నడిపించింది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారని చెప్పింది. భాగస్తులిద్దరూ తలాడించి, "లోపలిది" అని పేరు పెట్టుకున్నారు. లోపలిదానికి సొంత డిస్కు లేదు. బయటి కంప్యూటర్లో ఒక పెద్ద ఫైలు ఉంటుంది, అదే తన డిస్కనుకుని అది పనిచేస్తుంది.

పాత అలవాట్లన్నీ లోపలిదాంతో పాటే వచ్చాయి. అందులో ఒకటి, రోజూ నాలుగింటికి తెరమీద లేచే చిన్న పెట్టె. "నాగూర్ భాయ్, టీ" అని ఉంటుంది అందులో. వెంకటప్పయ్య పెట్టించిందది. పనిలో పడితే నాగూర్‌కి ఒళ్ళు తెలియదు, కింద బాలశౌరి టీ బంకులోకి కేకవేసే వంతేమో ఆయనది.

2009 వేసవిలో వెంకటప్పయ్య అల్లుడు పవన్‌కుమార్ బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద షాపు తీసుకున్నాడు. రంగుల మిషన్లు, ఫ్లెక్సీ బోర్డులు, ఏసీ గది. మామగారు వచ్చి కౌంటర్లో కూర్చుంటే పాత ఖాతాదార్లు వస్తారని అతని ఆశ. వెంకటప్పయ్య నెలరోజులు నానబెట్టి, ఒకరోజు టీ తాగుతూ చెప్పాడు. నాగూర్ గ్లాసు కింద పెట్టి, "మంచిదే కదా అప్పయ్యా. మోకాళ్ళ నొప్పులోడివి, అక్కడ మెట్లు లేవు" అన్నాడు. అంతే. గొడవ లేదు, మధ్యవర్తులు లేరు.

పంపకం కూడా అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే జరిగింది. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. వేసినవాడు చివర తీసుకోవాలి కనక సమంగా వేస్తాడని ఆ పద్ధతి. నాగూర్ కటింగ్ మిషను ఒక పక్కా, అచ్చువేసే స్క్రీన్లూ లామినేషన్ మిషనూ ఒక పక్కా పెట్టాడు. వెంకటప్పయ్య స్క్రీన్లు కోరుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అంతా అయిపోయింది. లోపలిది ఒక్కటే మిగిలింది.

"దాన్ని రెండు చెయ్యొచ్చు నాన్నా" అంది ఆస్రా. "ఉన్నది ఉన్నట్టు ఇంకోటి తియ్యొచ్చు. క్లోన్ అంటారు."

ఇంటికొచ్చాక తల్లి మెహబూబ్ బీ ఈ మాట విని కూరగాయల కత్తిపీట పక్కన పెట్టేసింది. "పెద్ద వస్తువుల దగ్గర పేచీలు రావే. చిన్నవాటి దగ్గరే వస్తాయి. నీ మామయ్యలు ఇల్లు పంచుకున్నారు, స్థలం పంచుకున్నారు. మా అమ్మ కుట్టుమిషను దగ్గర ఆగిపోయారు."

ఆ కథ ఆస్రాకి తెలుసు. ఆ మిషను దగ్గర మాట తెగిన అన్నదమ్ములు మళ్ళీ కలుసుకోలేదు. పెద్దాయన పోయినప్పుడు చిన్నాయన శ్మశానం గేటు దాకా వచ్చి, బయట చెప్పులు విడిచి నిలబడి, అలాగే వెళ్ళిపోయాడు. చిన్నపిల్లగా ఆస్రా ఆ చెప్పుల్నే చూస్తూ ఉండిపోయింది. తండ్రీ బాబాయీ వేరుపడటం ఆపడం ఆమె చేతిలో లేదు. అది అలాంటి వేరుపాటు కాకుండా చూడటం మాత్రం తన పని అనుకుంది. ఎవరూ అప్పజెప్పలేదు.

కొత్త షాపుకి శనివారం ఉదయం ముహూర్తం పెట్టారు. శుక్రవారం సాయంత్రం నుంచి వర్జ్యం, ఈలోగానే ఆ వస్తువు కొత్త గుమ్మం దాటాలని వెంకటప్పయ్య భార్య కనకలక్ష్మి కబురు చేసింది. ఆస్రా శుక్రవారం సెలవు పెట్టి షాపుకి వచ్చింది. వచ్చేసరికి నాగూర్ ఉయ్యూరు వాళ్ళ కార్డు మీద ఉన్నాడు. పెళ్ళికొడుకు అన్న వెంకటకృష్ణారావు తమ వైపు పేర్లన్నీ ఇచ్చి, పెళ్ళికూతురి వైపు తాతగార్లలో ఎవరి పేరు ముందు వెయ్యాలో వాళ్ళలో వాళ్ళకి తేలలేదని, తేల్చుకుని వస్తానని కైకలూరు వెళ్ళాడు. కార్డులో పెళ్ళికొడుకు ఉన్నాడు. పెళ్ళికూతురు లేదు.

"నాన్నా, కాసేపు లోపలిది ఆపాలి."

"ఎట్టా ఆపుతాం? చూస్తున్నావుగా."

"ఆపకుండా నకలు తియ్యకూడదు. అది నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి రాసుకుంటానే ఉంటుంది. మనం ముందు పేజీలు ఎత్తి రాసుకునేలోపల వెనక పేజీలు మారిపోతాయి."

నాగూర్ వెంకటప్పయ్య వంక చూశాడు. వెంకటప్పయ్య అట్టపెట్టెకి తాడు కడుతున్నవాడల్లా ఆగాడు. "ఆ పిల్లాడి పెళ్ళి మన చేతుల మీదుగా చెడగొట్టడం ఎందుకమ్మా? ఇన్నాళ్ళు ఆపలేదు. నేను వెళ్ళే రోజునే ఆపామనిపించుకోవడం ఎందుకు?"

కింద పవన్‌కుమార్ స్కూటరు హారన్ కొడుతున్నాడు. కాదంటే ఆ ఆఖరి మాట బాబాయ్ మనసులో ముల్లుగా మిగిలిపోతుందనుకుంది ఆస్రా. నల్లతెర తెరిచింది. ఆ కంప్యూటర్లో ఈ పనికి బొమ్మలూ బటన్లూ లేవు, కమాండు టైపు చెయ్యాల్సిందే. క్లోన్ అనే మాట, పాత డిస్కు పేరు, కొత్త డిస్కు పేరు, అవి ఉండే చోటు. ఎంటర్ నొక్కింది. పక్కన నాగూర్ పెళ్ళికొడుకు మేనమామల పేర్లు ఎక్కిస్తూనే ఉన్నాడు, ఎక్కించినప్పుడల్లా సేవ్ చేస్తూనే ఉన్నాడు. కాసేపటికి, ఫలానా దాని నుంచి ఫలానాది తయారైందని తెరమీద ఒక వరస వచ్చింది. తప్పేమీ చూపించలేదు. ఆస్రా దాన్ని బయటి డిస్కులోకి ఎక్కించి పవన్‌కుమార్ చేతికిచ్చింది. సాయంత్రం తనే వెళ్ళి కొత్త కంప్యూటర్లో దింపింది. అది లేచింది. అక్షరాలు కనపడ్డాయి. ఒకటి రెండు కార్డులు తెరిచి చూసి, బాగానే ఉన్నాయనుకుని వచ్చేసింది.

మర్నాడు బెంజ్ సర్కిల్‌లో కొబ్బరికాయ కొట్టాక, ముందుగా ఏం తెరుద్దామని పవన్‌కుమార్ అడిగాడు. "మేమిద్దరం కలిసి వేసిన మొదటి కార్డు" అన్నాడు వెంకటప్పయ్య, నాగూర్ భుజం మీద చెయ్యి వేసి. అది గుడివాడ వాళ్ళది. చుట్టాలంతా తెర చుట్టూ మూగారు. నాగూర్ కుటుంబం ముందు వరసలో ఉంది.

కార్డు తెరుచుకుంది. పైసగం గుడివాడ పెళ్ళికొడుకు. కింది సగంలో, పెళ్ళికూతురు ఉండాల్సిన చోట, మేనమామలతో సహా ఉయ్యూరు పెళ్ళికొడుకు.

"ఇద్దరూ మగపెళ్ళివారే" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. కనకలక్ష్మి నవ్వలేదు. ఇంకో కార్డు తెరిచారు, అందులో సగం ఖాళీ. ఇంకోటి తెరుచుకోనే లేదు.

"మనకి డూప్లికేట్ అంటగట్టారు మామయ్యా" అన్నాడు పవన్‌కుమార్, మెల్లగా అన్నాననుకుని. "అసలుది అక్కడే ఉంది."

ఆస్రా ముందుకొచ్చింది. "తప్పు నాది బాబాయ్. ఆపకుండా తీశాను. నాన్నకి సంబంధం లేదు."

"నువ్వు పిల్లవి. నిన్నెందుకంటానమ్మా" అన్నాడు వెంకటప్పయ్య. ఆ మాట ఆమెతో అన్నాడు గాని, చూపు నాగూర్ మీద ఉంది. పిల్లని అడ్డం పెట్టుకున్నాడన్న చూపు అది. నాగూర్ తనకిచ్చిన మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. ఇంటి దగ్గర ఆటో దిగేటప్పుడు మెహబూబ్ బీ, "కుట్టుమిషను" అంది.

ఆ తర్వాత రెండు షాపుల మధ్య ఫోను మోగలేదు. గవర్నర్‌పేటలో నాలుగింటికి పెట్టె లేచేది, నాగూర్ దాన్ని మూసేసి పని చేసుకునేవాడు. టీ చెప్పేవాడు కాదు. ఉయ్యూరు వాళ్ళ కార్డు పెళ్ళికూతురితో సహా పూర్తయి అచ్చుకి కూడా వెళ్ళింది. వారం గడిచాక, ఒక మధ్యాహ్నం, వెంకటప్పయ్య మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆస్రా ఆ రోజు అక్కడే ఉంది. నాలుగు రోజులుగా ఆఫీసు నుంచి ఏదో వంకతో అక్కడికే వస్తోంది.

వెంకటప్పయ్య కూర్చోలేదు. సంచిలోంచి డిస్కు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇదిగో భాయ్, నీ వస్తువు."

"నాదేంటి? నీ వంతుకొచ్చింది."

"నాకెందుకులే. అల్లుడి దగ్గర కొత్త ప్రోగ్రాములున్నాయి, నేర్చుకుంటా."

"ఈ వయసులోనా? నీకు సెల్‌ఫోన్లో పేరు ఎక్కించడం రాదు."

"నకలు పట్టుకుని నలుగురిలో నవ్వులపాలవడం కంటే నయమే. పాడుదని ముందే చెప్పి ఇస్తే సరిపోయేది భాయ్, నేనేమన్నా కాదంటానా?"

నాగూర్ కుర్చీలోంచి లేచాడు. "అయితే అసలుది పట్టుకుపో. డబ్బాతో సహా పట్టుకుపో. నేనే మోసి ఆటోలో పెడతా."

"నీ సొమ్ము నాకెందుకు?"

"నాకూ అక్కర్లేదు. నువ్వు అనుమానపడ్డ వస్తువు నా కళ్ళెదురుగా ఉండటం నాకిష్టం లేదు."

"నేను అనుమానపడ్డానన్నానా?"

"అనకపోతే మాత్రం?"

ఎవరికి కావాలని కొట్లాడుకుంటే తీర్చడానికి దారి ఉంటుంది. ఎవరికీ వద్దని కొట్లాడుకుంటుంటే ఏం చెయ్యాలో ఆస్రాకి పాలుపోలేదు. బల్లమీద ఉన్న డిస్కు వంక చూసింది. శ్మశానం గేటు బయట విడిచిన చెప్పులు గుర్తొచ్చాయి.

"బాబాయ్, అసలుది నీకు వద్దా?"

"వద్దమ్మా."

"నాన్నా, నీకు?"

"వద్దు."

"అయితే చెరిపేస్తాను."

ఇద్దరూ ఆమె వంక తిరిగారు.

"ముందు రెండు నకళ్ళు తీస్తాను. ఈసారి లోపలిదాన్ని పూర్తిగా ఆపి తీస్తాను. తీసినవి సరిగ్గా ఉన్నాయో లేదో మీ ఇద్దరి చేతా చూపిస్తాను. ఆ తర్వాత అసలుది తీసేస్తాను. ఇంక అసలు అనేది ఎవరి దగ్గరా ఉండదు. రెండు నకళ్ళే ఉంటాయి. నాన్న భాగాలు వేసినట్టు, బాబాయ్ ముందు కోరుకున్నట్టు."

వెంకటప్పయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది ఆయన పాత కుర్చీయే.

"సగంలో కార్డులేమీ లేవుగా?" అన్నాడు.

"లేవు" అన్నాడు నాగూర్.

ఆస్రా లోపలిదాన్ని ఆపింది. ఆగిందో లేదో మళ్ళీ చూసుకుంది. కమాండు రెండుసార్లు టైపు చేసింది, రెండు వేర్వేరు పేర్లతో. నకళ్ళు తయారవుతున్నంతసేపూ ముగ్గురూ ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నారు. పని అయ్యాక ఇంకో కమాండు ఇచ్చింది. ఫైలు మొత్తాన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి, దానికి గుర్తుగా ఒక వరస అక్షరాలూ అంకెలూ ఇస్తుందది.

"లోపల ఒక్క కామా మారినా ఈ వరస మారిపోతుంది బాబాయ్. అసలుదాని వరస, రెండు నకళ్ళ వరసలు, మూడూ ఒకటే అయితే మూడూ ఒకటే. నేను చూసి చెప్తే నమ్మకం ఏముంది? మీరే చూసుకోండి."

మూడు వరసలూ మూడు కాగితాల మీద అచ్చు తీసి ఇచ్చింది. వెంకటప్పయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదటి కాగితం అందుకున్నాడు. నాగూర్ చెప్పకుండానే రెండోది ముందు పెట్టుకుని వేలు ఆనించాడు. వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాలుగు. ఏ. సి. సి. సున్నా. తొమ్మిది."

"ఊఁ."

"ఎఫ్. ఒకటి. ఒకటి. బి."

"మెల్లగా. ఒకట్లు రెండేనా?"

"రెండే."

"ఊఁ."

అర్థంపర్థం లేని ఆ వరసని ఆయన చిరంజీవి, లక్ష్మీసౌభాగ్యవతి చదివినట్టే చదివాడు. మొదటిసారి అయ్యాక మూడో కాగితంతో మళ్ళీ చదివాడు. నాగూర్ వేలు చివరి అక్షరం మీద ఆగింది.

"తప్పు లేదు" అన్నాడు.

"తప్పు లేదు" అన్నాడు వెంకటప్పయ్య. ప్రూఫు ఒప్పుకున్నప్పుడు ఇద్దరూ అలా అనడం అలవాటు.

అప్పుడు నాగూర్ లేచి, కిటికీలోంచి తల బయటపెట్టి, "బాలశౌరీ, మూడు టీలు" అని కేకేశాడు.

వెంకటప్పయ్య గోడమీది గడియారం చూశాడు. సరిగ్గా నాలుగు. తెర వంక చూశాడు. లోపలిది ఆగి ఉంది కనక తెరమీద ఏ పెట్టే లేవలేదు.

"నీకు గుర్తుంటుందన్నమాట" అన్నాడు.

నాగూర్ కాగితాలు మడతపెడుతున్నాడు. "గుర్తుండకేం?"

"మరి ఇన్నాళ్ళూ ఆ పెట్టె వచ్చేదాకా కదలకుండా కూర్చునేవాడివే."

"నువ్వు పెట్టావు కదా అని."

"దొంగవి భాయ్ నువ్వు. నేను ఒక్కోరోజు నాలుక పిడచకట్టుకుని కూర్చున్నా."

టీలు వచ్చాయి. తాగారు. ఆస్రా చెరిపే కమాండు టైపు చేసి, వేలు ఎంటర్ మీద పెట్టి, ఇద్దరినీ చూసింది. అక్షరాలు మూడుసార్లు చూసింది, అసలుదాని పేరే ఉంది, నకళ్ళ పేర్లు కావు. నాగూర్ కానిమ్మన్నట్టు గడ్డం ఊపాడు. వెంకటప్పయ్య, "ఊఁ" అన్నాడు. నొక్కింది. ఒక్క వరస వచ్చింది, ఫలానాది తీసేశామని. ఇన్నేళ్ళదీ పోవడానికి, చెయ్యి తియ్యడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు.

రెండు నకళ్ళూ రెండు డిస్కుల్లోకి ఎక్కించి, గుర్తులేమీ పెట్టకుండా రెండు శుభలేఖ కవర్లలో వేసింది. నాగూర్ వాటిని బల్లమీద పక్కపక్కన పెట్టాడు. వెంకటప్పయ్య కాసేపు చూసి, ఎడమవైపుది తీసుకున్నాడు.

సంచి సర్దుకుంటుంటే ఆస్రా అడిగింది. "బాబాయ్, నీ దాంట్లో ఆ టీ పెట్టె తీసేసి ఇవ్వనా? అక్కడ నాన్న ఉండడుగా."

"వద్దమ్మా. ఒక్క కామా మారినా వరస మారిపోద్దన్నావుగా" అన్నాడు వెంకటప్పయ్య. "రెండూ ఒకటిగానే ఉండనీ."

ఆ రెండూ ఒకటిగా ఉండేది ఆగి ఉన్నంతసేపేనని ఆస్రాకి తెలుసు. రేపు పొద్దున బెంజ్ సర్కిల్లో ఒకటి, ఇక్కడ ఒకటి లేస్తాయి. లేచిన క్షణం నుంచి దేని రాత అది రాసుకోవడం మొదలుపెడుతుంది. ఎవరూ ఏ తప్పూ చెయ్యకపోయినా, రేపు సాయంత్రానికి వాటి వరసల్లో మొదటి అక్షరం కూడా కలవకపోవచ్చు.

"అలాగే బాబాయ్" అంది.

నాగూర్ ఆయన సంచి తీసుకుని ముందు నడిచాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లు దిగుతుంటే కింద మెట్టు మీద ఒకరు ఉండాలని. ఆస్రా పైనుంచి చూస్తూ నిలబడింది. ఇద్దరూ బాలశౌరి బంకు దగ్గర ఆగారు, ఏదో అనుకున్నారు, నవ్వారు. ఆటో వచ్చింది. వెంకటప్పయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు. నాగూర్ ఆటో మలుపు తిరిగేదాకా ఉండి, పైకి వచ్చి, తన డిస్కు కూతురి చేతిలో పెట్టాడు.

"ఎక్కించమ్మా" అన్నాడు. "పెనమలూరు వాళ్ళు పొద్దున్నే వస్తామన్నారు."